పాలపళ్ల విభాగం

ఎద్దు వయసు తెలియాలంటే కింది పెదవి కిందికి లాగి చూడాలి. పైవరసలో ముందుపళ్లు దానికెటూ ఉండవు. పల్నాడులో బండలాగుడు పోటీకి జత దిగేముందు జరిగే తంతు ఇదే. ఒకాయన ముకుతాడు బిగించి పట్టుకుంటాడు, ఇంకొకాయన వంగి పళ్లు లెక్కపెడతాడు, చుట్టూ యాభైమంది మెడలు సాచి చూస్తారు. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగా, ఆరా? ఆ మెట్లెక్కాకే సబ్ జూనియర్, జూనియర్, సీనియర్. ఏ విభాగం గిత్త ఆ విభాగంలోనే కాడి మోయాలి. పళ్లు మొలిచేది తహసీల్దారు ఆఫీసులో కాదు గనక వాదనకు పెద్దగా తావుండదు.

అలాంటి పందెం ఒకటి చూసిన ఏడాదే, ఆ చుట్టుపక్కలే ఓ హైస్కూలు గ్రౌండులో పిల్లల హాకీ సెలక్షన్లు చూశాను. అక్కడ ఎవరూ ఎవరి నోరూ తెరిపించలేదు, ఆధార్ కార్డు తెరిపించారు. అండర్-14 వరసలో నిలబడ్డ ఒకడు ఆ పొద్దున్నే గడ్డం గీసుకొచ్చినట్టున్నాడు, దవడ మీద తెగిన గాటు ఇంకా ఆరలేదు. కార్డు ప్రకారం చిరంజీవికి పదమూడేళ్లు. ఎద్దుకున్న నిజాయితీ మనిషికి ఎందుకుండాలి లెండి, ఎద్దుకేమన్నా ఉద్యోగం కావాలా?

హాకీ కర్ర పట్టడం తెలిసినవాళ్లు ఏడుగురు వచ్చారు. జట్టుకు పదకొండు మంది కావాలి. మిగతా నలుగురిని పక్కన ఖోఖో ఆడుతున్న గుంపులోంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. అందులో ఒకడు బంతిని కర్ర గుండ్రటి వైపుతో ఫెడీమని బాదాడు. హాకీ కర్రకు ఒక పక్కే చదునుగా ఉంటుందనీ, ఆ పక్కతోనే కొట్టాలనీ వాడికి ఆ క్షణమే తెలిసింది. గోల్‌కీపర్ కాళ్లకు కట్టే ప్యాడ్లు ఒక్క జతే ఉన్నాయి. ఎడమదానికి బెల్టు ఊడిపోతే గోనెసంచి కుట్టే పురికొసతో పిక్కకు బిగించారు. రెండో కీపర్‌ను చూసేటప్పుడు ఆ ముడి విప్పడం రాక బ్లేడుతో కోశారు. ఆ బ్లేడు ఎవరి జేబులోంచి వచ్చిందో పైపేరా చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు.

"జట్టు కుదిరిందా సార్?" అని పీఈటీ మాస్టారిని అడిగాను.

"కుదరకేం సార్, ఫొటోకి సరిపడా ఉన్నారు" అన్నాడాయన. పాపం ఆయన్ని అనడానికి లేదు. ఆ స్కూల్లో లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ పీరియడూ ఆయనదే, ఎన్నికలొస్తే పోలింగ్ డ్యూటీ కూడా ఆయనదే.

చాంపియన్‌షిప్ గెలిచే జట్టుకు ఒక 'కోర్' ఉండాలని క్రీడా పండితులు ఈమధ్య తెగ రాస్తున్నారు. మన బండి భాషలో దాన్ని ఇరుసు అంటారు. చక్రం మారొచ్చు, నొగలు మారొచ్చు, తోలేవాడూ మారొచ్చు. ఇరుసు వంకరైతే మాత్రం బండి అక్కడే కూలబడుతుంది. నలుగురైదుగురు ఆటగాళ్లు పిల్లలుగా ఉన్నప్పుడే ఒకచోట చేరాలి, కలిసి ఓడాలి, కలిసి తిట్లు తినాలి, ఒకడి ఉచ్ఛ్వాస ఇంకొకడికి తెలియాలి. ఇదేమీ రాకెట్ శాస్త్రం కాదు, మన ఎడ్ల కొట్టంలో నిత్యం జరిగేదే.

మన దేశపు హాకీ సంగతే చూడండి. 1980 మాస్కో తర్వాత నాలుగు దశాబ్దాలు ఒలింపిక్ పతకం ముఖం చూడలేదు. 2008లో బీజింగ్‌కు అర్హతే దక్కలేదు. 2012 లండన్‌లో పన్నెండు జట్లు ఆడితే మనది పన్నెండో స్థానం, అంటే ఇక కింద చోటు లేదు. ఆ జట్టులో గోల్‌కీపర్‌గా వెళ్లిన కేరళ కుర్రాడు శ్రీజేష్. అదే మన జిల్లా హాకీ సంఘమయితే ఏం చేసేదో ఊహించండి. విమానం దిగకముందే కీపర్‌ను పీకేసి, కార్యవర్గ సభ్యుడి బావమరిది కొడుక్కి ఆ ప్యాడ్లు కట్టేది, పురికొసతోనే. దేశపు జట్టు పెద్దలకు ఆ తెలివి లేకపోయింది. ఆ ఓడిపోయినవాణ్నే ఉంచుకున్నారు. అతగాడు నాలుగు ఒలింపిక్స్ ఆడి, టోక్యోలో ఒకటీ పారిస్‌లో ఒకటీ రెండు కాంస్యాలు పట్టుకుని 2024లో ఆట విరమించాడు. అతని 16వ నంబరు చొక్కాను సీనియర్ జట్టులో ఇక ఎవరికీ ఇవ్వబోమన్నారు.

రెండో ముచ్చట ఇంకా బాగుంటుంది. 2016 డిసెంబరులో లక్నోలో జూనియర్ ప్రపంచకప్ జరిగింది. హరేంద్ర సింగ్ శిక్షణలో మన కుర్రాళ్లు ఫైనల్లో బెల్జియాన్ని 2-1తో ఓడించారు. హర్మన్‌ప్రీత్, మన్‌దీప్, వరుణ్, సుమిత్, గుర్జంత్, సిమ్రన్‌జీత్ అందరూ ఆ గుంపులోని పిల్లలే. అయిదేళ్లు తిరక్కుండానే వీళ్లంతా టోక్యోలో తేలారు. జర్మనీని 5-4తో ఓడించి 41 ఏళ్ల కరువు తీర్చిన కాంస్య పోరులో రెండు గోల్స్ సిమ్రన్‌జీత్‌వి. ఈ మధ్యలో కోచ్‌లు మన విద్యాశాఖ కార్యదర్శుల్లాగా మారుతూనే ఉన్నారు. 2013లో వచ్చిన టెర్రీ వాల్ష్ మొదలు 2019లో వచ్చిన గ్రాహం రీడ్ దాకా ఆరుగురు. తోలేవాళ్లు మారారు, జత మారలేదు. లక్నోలో వీళ్లది పాలపళ్ల విభాగమనుకోండి, టోక్యోలో సీనియర్స్. మధ్యలో రెండు పళ్లూ నాలుగు పళ్లూ మొలిచేదాకా ఎవరో ఓపిగ్గా ఉలవలు పెట్టారు.

ఈ విద్య పల్నాటికి కొత్తా అంటే, ఎనిమిది వందల ఏళ్లకు పైగా పాతది! 12వ శతాబ్దంలోనే మనకు రెండు ఫ్రాంచైజీలున్నాయి. గురజాల జట్టు యజమాని నలగామరాజు, మేనేజరు నాగమ్మ. మాచర్ల జట్టు యజమాని మలిదేవరాజు, మేనేజరు బ్రహ్మనాయుడు. బ్రహ్మనాయుడు కట్టిన కోర్ చూడండి. మాల కన్నమదాసును సేనానిని చేశాడు. కొడుకు బాలచంద్రుడి చుట్టూ అన్ని కులాల కుర్రాళ్లనూ అన్నదమ్ముల్లా పెంచాడు. అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. నేటి కోచ్‌లు 'టీమ్ బాండింగ్' పేరిట రిసార్టుకు తీసుకెళ్లి లక్షలు తగలేసే పని, ఆయన ఒక చాపతో కానిచ్చాడు.

తర్వాత ఏమైందంటారా? ఆ గొప్ప జట్టు భవిష్యత్తును తీసుకెళ్లి ఒక కోడిపుంజు మెడకు కట్టారు. ఆ పుంజు చిట్టిమల్లు ఓడింది, ఏడేళ్లు అడవుల పాలయ్యారు. చివరికి ఫైనల్ మ్యాచ్ కారంపూడిలో, నాగులేటి ఒడ్డున జరిగింది. రెండు జట్లూ ఓడిపోయాయి.

ఈ సందర్భంలో ఒక పక్కదారి. అమెరికాలో మంచు మీద ఆడే హాకీ ఒకటుంది. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలు చూస్తుంటారు, నరసరావుపేటలో ఉన్న తాతయ్యకు వీడియో కాల్‌లో చూపిస్తుంటారు, తాతయ్యకు బంతికి బదులు వాడే బిళ్ల ఎక్కడుందో కనపడదు. ఆ ఆటకున్న పెద్ద లీగ్‌లో చిత్రమైన ధర్మం ఉంది. ఏటా కొత్త కుర్రాళ్లను పంచుకునేటప్పుడు చిట్టచివర నిలిచిన జట్లకు ముందు వంతు దక్కేలా చూస్తారు. పిట్స్‌బర్గ్ జట్టు అడుగంటి ఉన్న రోజుల్లో 2004లో మాల్కిన్‌నూ, 2005లో క్రాస్బీనీ అలాగే దక్కించుకుంది. వాళ్లిద్దరినీ ఇరుసుగా పెట్టుకుని 2009లో, 2016లో, 2017లో కప్పు కొట్టింది. ఓడినవాడికి అక్కడ మంచి కుర్రాణ్ని ఇస్తారు, మన దగ్గర ఏడేళ్లు వనవాసం ఇచ్చారు. తేడా అంతే.

మళ్లీ మన హాకీకి వద్దాం. ఒడిశాలో సుందర్‌గఢ్ అని ఒక జిల్లా ఉంది. పల్నాడులాగే గనులూ దుమ్మూ ఎండా. అక్కడ ఊరూరా హాకీ పందేలు పెట్టుకుంటారు, గెలిచిన జట్టుకు మేకపోతును ఇస్తారు. ఆ మేకను అక్కడే కోసుకు తిని, మళ్లీ వారం ఇంకో ఊరికి పోతారు. సౌనామరా అనే ఒక్క ఊరి నుంచే దిలీప్ తిర్కీ వచ్చాడు, అమిత్ రోహిదాస్ వచ్చాడు. అదే జిల్లా పాన్‌పోష్‌లో ప్రభుత్వ క్రీడా హాస్టలు 1985 నుంచీ పనిచేస్తోంది. 2018 నుంచి దేశపు జట్లకే స్పాన్సర్‌గా నిలబడింది ఆ రాష్ట్రం. రూర్కెలాలో బిర్సా ముండా పేరిట ఇరవై వేలమంది పట్టే స్టేడియం కట్టి 2023 ప్రపంచకప్ ఆడించింది. అక్కడ హాకీ గెలిస్తే మేక. ఇక్కడ కోడి గెలిస్తే రాజ్యం. ఎవరి ప్రాధాన్యాలు వాళ్లవి.

మనమూ ఊరుకోలేదు, చేశాం. 2023 డిసెంబరు 26న పక్కనే గుంటూరులో 'ఆడుదాం ఆంధ్రా' మొదలైంది. వంద కోట్ల పైచిలుకు ఖర్చన్నారు. సచివాలయం సచివాలయానికీ కిట్లు వచ్చాయి. ఆడమన్నవి అయిదు ఆటలు: క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. హాకీని మర్చిపోయారు. జాతీయ క్రీడ అని చిన్నప్పుడు జనరల్ నాలెడ్జి పుస్తకంలో చదువుకున్నాం కదా, పుస్తకంలో ఉన్నదాన్ని మళ్లీ గ్రౌండులో పెట్టడం ఎందుకనుకున్నారేమో. పల్నాడు పిల్లల చేతికి ప్రభుత్వమే కర్రలు పంచితే బాగుండదని ఎవరైనా అధికారి వెనకాడి ఉంటాడా అని కూడా నాకు అనుమానం. 2024 మేలో పోలింగ్ ముగిశాక జిల్లా అంతటా 144 సెక్షన్ పెట్టారు గుర్తుందా? అయిదుగురు ఒకచోట చేరితే నేరం. పదకొండు మంది, అదీ కర్రలతో!

ప్రభుత్వం మారింది, క్రీడా విధానమూ మారింది. ఉద్యోగాల్లో క్రీడా కోటా రెండు శాతం నుంచి మూడు శాతానికి పెరిగింది. నిజంగా ఆడినవాడికి మంచి మాటే. కానీ ఆ మూడు శాతం వార్త వచ్చిన రోజు హాకీ సంఘాల ఫోన్లు మోగినంతగా, ప్యాడ్లకు బెల్టు కొనమంటే మోగవు. మన దగ్గర హాకీకి ఒక పెద్ద సుగుణం ఉంది: ఎవరూ ఆడరు. ఎవరూ ఆడని ఆటలో రాష్ట్ర జట్టులో చోటు తేలిక, చోటు తేలికైతే సర్టిఫికెట్ తేలిక. క్రికెట్‌లో పద్నాలుగో ఆటగాడివి కావాలన్నా పదేళ్లు నెట్స్‌లో చావాలి. ఇక్కడ పన్నెండోవాడు రాకపోతే నువ్వే పదకొండోవాడివి. అలా ఏటా కొత్త పదకొండు మంది వస్తారు, కాగితం తీసుకుని పోతారు. పోయినేడు ఆడినవాడు ఈ ఏడు కనపడడు. మన కోర్ అంతా బీరువాలో ఉంది, లామినేషన్ చేసి.

కృత్రిమ మైదానం సంగతి అడక్కండి. హాకీ టర్ఫ్ మీద మ్యాచ్‌కు ముందు వేల లీటర్ల నీళ్లు చల్లాలి, లేకపోతే బంతి జారదు, మోకాళ్లు కాలతాయి. ఎండల్లో మన పల్నాటి రెంటచింతల పేరు రాష్ట్రమంతా మోగుతుంది. వరికపూడిశెల ఎత్తిపోతలకు ఒక ముఖ్యమంత్రి తర్వాత ఇంకో ముఖ్యమంత్రి వచ్చి శంకుస్థాపన చేశారు. మిర్చి మడికే నీళ్లు రానిచోట ఆటకు నీళ్లడిగేవాడికి బుద్ధుందా అంటారు. నిజమే. అయితే రాయి వేయడానికి నీళ్లక్కర్లేదు కదా, టర్ఫుకూ ఒక శంకుస్థాపన చేసేస్తే పనైపోతుంది.

మట్టిలోంచి ఎవరూ రారని కాదు. అప్పటి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాలెం మండలం నుంచి ఎతిమరపు రజని వచ్చింది. 2016 రియో ఒలింపిక్స్‌కు, ఆపైన టోక్యోకు రిజర్వు గోల్‌కీపర్‌గా ఎంపికైంది. ఆమె వెనక రాష్ట్రం నుంచి ఇంకో పదిమంది రావాల్సింది. ఆమెను చూసి మనం చేసింది శాలువా కప్పడం. మన రాష్ట్రంలో శాలువాల నిల్వ ఎప్పుడూ తగ్గదు, దాని కోర్ మాత్రం చాలా బలంగా ఉంది.

పెంచే ఓపిక లేనివాళ్లకు ఇప్పుడు కొనే సౌకర్యం కూడా వచ్చింది. హాకీ ఇండియా లీగ్‌ను మళ్లీ లేపి 2024 అక్టోబరులో వేలం పెట్టారు. తెలుగువాళ్ల పేరుతో హైదరాబాద్ తూఫాన్స్ దిగింది. గొంజాలో పెయ్యాట్‌ను 68 లక్షలకు కొన్నారు. ఆయన 2016లో అర్జెంటీనాకు ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. తర్వాత జర్మనీకి మారి 2023లో ప్రపంచకప్ గెలిచాడు, ఆపైన హైదరాబాదీ అయ్యాడు. మన ఎమ్మెల్యేలు కూడా ఇంత ఫలితం చూపించి పార్టీ మారరు. జట్టు బాగానే ఆడింది, కాదనను. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడింది. ఆ ఫైనల్ జరిగింది ఎక్కడనుకున్నారు? రూర్కెలాలో. ఆ సీజన్‌లో హైదరాబాద్ తూఫాను హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా వీచలేదు. సముద్రంలో పుట్టి సముద్రంలోనే బలహీనపడే వాయుగుండాలుంటాయి చూడండి, ఆ రకం.

ఈ కొనుగోళ్ల ముచ్చట మాకు బాబాయ్ వరసయ్యే ఒకాయనతో అన్నాను. ఆయనకు హాకీ తెలియదు, ఎడ్లు తెలుసు. ముప్పై ఏళ్లుగా తిరునాళ్లలో జతలు దింపుతున్నాడు. కొట్టంలో తొట్టి ముందు కూర్చుని ఉడికిన ఉలవలు చేత్తో చిదుముతూ, గింజ మెత్తబడిందో లేదో చూస్తున్నాడు.

"మంచి మంచివి డబ్బు పెట్టి కొని కలిపితే గెలవదా బాబాయ్?" అన్నాను.

"గెలవదని ఎవరన్నారు? మేమూ కడతాం గదా కంబైన్డ్ జతలు. నాదొకటి, ఇంకోడిదొకటి. మొదటి చుట్టు గాలే. రెండో చుట్టుకి దాపటిది ఒక అడుగు ముందేస్తది, ఎలపటిది చూస్తా నిలబడుద్ది. కాడి వంకర పోయిందంటే బండ కదల్దు. ఒక తొట్లో తిన్నయ్యి అయితే అట్టా కాదబ్బాయ్. ఒకటి ఊపిరి పీలిస్తే రెండోది కాలు తీస్తది."

"అలా కలవడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"పాలపళ్లప్పుడు కట్టాలి. ఆరు పళ్లకి కలుస్తయ్."

"ఈలోపు ఓడితే?"

ఆయన నా మొహం ఎగాదిగా చూశాడు. "ఓడితే ఏంది? ఓడిన గిత్తకి మేత మానేస్తామా?"

బాబాయ్ మనవడు ఏడో తరగతి. నేను చూసిన ఆ సెలక్షన్లలో అరువుకు లాక్కొచ్చిన నలుగురు ఖోఖో పిల్లల్లో వాడూ ఉన్నాడు. బంతిని గుండ్రటి వైపుతో బాదింది వాడే. కొట్టుడులో దమ్ముందని మాస్టారు మెచ్చుకున్నాడట. ఆ తర్వాత వాడిని ఎవరూ పిలవలేదు, కర్ర కూడా అక్కడే తీసేసుకున్నారు. కొట్టంలో గిత్తకు మాత్రం రోజువారీ పట్టిక ఉంది. పొద్దున నడక, తర్వాత స్నానం, ఇన్ని ఉలవలు, ఇంత పచ్చిమేత, వారానికి ఇన్నిసార్లు బండ. గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. మనవడి చేతిరాతే.

ఏటా కార్తీక మాసంలో కారంపూడిలో వీరుల ఉత్సవాలు చేసుకుంటాం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, అయిదు రోజులు. చాపకూడు తలచుకుంటాం, అందరం కలిసి కూర్చుని తింటాం, కన్నీళ్లు కూడా పెట్టుకుంటాం. చేయి కడుక్కుని వచ్చి జిల్లా జట్టు జాబితా రాయమంటే మళ్లీ ఎవరి విస్తరి వాళ్లది. ఆ జాబితాలో మొదటి పేరు ఎవరి తాలూకో, రెండో పేరు ఎవరి తాలూకో గ్రౌండులో గడ్డి మేస్తున్న గేదెకు కూడా తెలుసు.

జిల్లా సంఘాల పెద్దలకు ఒక మనవి. టర్ఫు వద్దు, పెయ్యాట్ వద్దు. నరసరావుపేటలో ఇరవై మంది, మాచర్లలో ఇరవై మంది, గురజాలలో ఇరవై మంది పదేళ్ల పిల్లల్ని ఒకసారి ఎంచి, ఆరేళ్లపాటు మార్చకండి. ఓడినా మార్చకండి, బావమరిది ఫోన్ చేసినా మార్చకండి. తలా ఒక కర్ర ఇవ్వండి, ఆట అయ్యాక ఇంటికి పట్టుకుపోనివ్వండి. ప్యాడ్లకు బెల్టులు కుట్టించండి. వయసు దగ్గర అనుమానమొస్తే మా బాబాయ్‌ని పిలవండి, పళ్లు చూసి చెబుతాడు.

ఇందాకే సెలక్షన్ల కబురు మళ్లీ వాట్సాప్‌లో వచ్చింది. రేపు పొద్దున ఎనిమిదింటికట, కర్ర ఉన్నవాళ్లు తెచ్చుకోవాలట.